రేకుల కప్పు వేయించే ముందు: షాపులో వినపడే మాటల వెనక అసలు లెక్క

ఎండలు ముదిరే కొద్దీ మన ఊళ్లలో డాబాల మీద వెల్డింగ్ నిప్పురవ్వలు కనిపించడం మొదలవుతుంది. కింది పోర్షన్‌కి వేడి తగలకూడదని కొందరు షెడ్డు వేయిస్తారు, పైన ఒక గది లేపుకుని పిల్లల చదువుకో అద్దెకో వాడుకుందామని ఇంకొందరు. పల్లెల్లో అయితే కోతులు పెంకులు పీకి పారేస్తుంటే ఏటా పెంకులు సర్దించలేక, పెంకులు దించేసి రేకులు ఎక్కించినవాళ్లు బోలెడంతమంది ఉన్నారు.

తీరా షాపుకి వెళ్తే జీఐ, గాల్వాల్యూమ్, పీపీజీఎల్, "40 వేయమంటారా 50 వేయమంటారా", ఏజెడ్ 150, 26 గేజ్, పఫ్ ప్యానెల్ అంటూ మాటలు వచ్చి పడతాయి. వీటిలో ప్రతి మాటకీ అర్థం ఉంది. కాకపోతే ఒకటి ఇనుము మందం గురించి, ఒకటి పూత గురించి, ఇంకొకటి రంగు గురించి, మరొకటి వేడి ఆపే పొర గురించి. అన్నీ ఒకే విషయం అనుకుని వింటే చివరికి చేతిలో మిగిలేది చదరపు అడుగు రేటు ఒక్కటే. ఆ ఒక్క రేటు పట్టుకుని రెండు కొటేషన్లు పోల్చడం అసలు కుదరదు, ఎందుకో చూద్దాం.

ముందు తేలాల్సింది: రేకు కింద ఎవరుంటారు?

ఇది తేలకుండా రేకు గురించి మాట్లాడితే సగం సలహాలు ఒకదానికొకటి ఎదురు తిరుగుతాయి. శ్లాబు మీద నీడ కోసం వేసే షెడ్డు ఒక రకం. దాని కింద మనుషులు పగలంతా ఉండరు, నాలుగు వైపులా గాలి ఆడుతుంది, రేకు ఎంత కాలినా ఆ వేడిని గాలి ఎత్తుకుపోతుంది. శ్లాబుకి నేరుగా ఎండ తగలదు కాబట్టి కింది ఇల్లు చల్లబడుతుంది. ఇక్కడ ఖరీదైన ఇన్సులేషన్‌కి డబ్బు పోయడం దండగ, కానీ నాలుగు వైపులా తెరిచి ఉంది కాబట్టి గాలి కిందికి దూరి రేకుల్ని పైకి లేపుతుంది. అంటే ఈ షెడ్డుకి ఫ్రేము, బోల్టులు గట్టిగా ఉండాలి.

రెండో రకం, గోడలు కట్టి రేకు కిందే కాపురం ఉండే గది లేదా ఇల్లు. ఇక్కడ గాలి సమస్య కొంత తగ్గుతుంది, వేడి సమస్య మాత్రం నెత్తి మీదికి వస్తుంది. షెడ్డు వేయించుకున్న పక్కింటాయన "మాకేం ఇబ్బంది లేదండీ, చల్లగానే ఉంది" అంటే ఆయన చెప్పింది నిజమే, అది మీ గదికి వర్తించదు, అంతే.

ఒక రేకులో మూడు విడి వస్తువులు

రంగు రేకుని అడ్డంగా కోసి చూస్తే మధ్యలో ఉక్కు, దానికి రెండు వైపులా లోహపు పూత, ఆ పైన రంగు. మూడింటి పనీ వేరు. బరువు మోసేది, గాలికి వంగకుండా నిలిచేది ఉక్కు. తుప్పుని ఆపేది లోహపు పూత. ఎండకి, తడికి ఆ పూత తొందరగా అరిగిపోకుండా కాసేది, వేడిని తిప్పికొట్టేది రంగు.

జీఐ అంటే పూత మొత్తం జింకే. మన పెద్దవాళ్లు జింకు రేకులు అనేవి ఇవే. గాల్వాల్యూమ్ అంటే బరువులో 55 శాతం అల్యూమినియం, 43 శాతానికి పైగా జింకు, ఒకటిన్నర శాతం చిల్లర సిలికాన్ కలిపిన పూత. అమెరికాలో బెత్లెహెమ్ స్టీల్ కంపెనీ 1972లో దీన్ని మార్కెట్‌లోకి తెచ్చింది. జీఐ మీద రంగు వేస్తే పీపీజీఐ, గాల్వాల్యూమ్ మీద రంగు వేస్తే పీపీజీఎల్. పైకి రెండూ ఒకే నీలం, ఒకే ఎరుపు, చేత్తో తడిమినా తేడా తెలీదు. మన దేశ ప్రమాణాల్లో మాత్రం వీటికి వేర్వేరు నంబర్లు ఉన్నాయి: రంగు లేని జీఐకి ఐఎస్ 277, రంగు వేసిన జీఐకి ఐఎస్ 14246, రంగు వేసిన గాల్వాల్యూమ్ రకానికి ఐఎస్ 15965. టెస్ట్ సర్టిఫికెట్ మీద ఏ నంబరు ఉందో చూస్తే లోపల ఏ పూత ఉందో తెలిసిపోతుంది.

జింకు ఎలా కాపాడుతుందో తెలిస్తే మిగతాది తేలికగా అర్థమవుతుంది. రేకు మీద గీత పడి ఉక్కు బయటపడినా, పక్కనే ఉన్న జింకు తను ముందు కరిగిపోతూ ఉక్కుని తుప్పు పట్టనివ్వదు. అందుకే కోసిన అంచుల దగ్గర, స్క్రూ రంధ్రాల దగ్గర జీఐ బాగా పనిచేస్తుంది. అల్యూమినియం దారి వేరు. అది పైన గట్టి పొర కట్టి గాలిని, నీటిని లోపలికి రానివ్వదు. గాల్వాల్యూమ్‌లో రెండు గుణాలూ ఉన్నాయి కాబట్టి మామూలు వానలు, ఎండల కింద అదే మందం జింకు పూత కంటే చాలా ఎక్కువ కాలం నిలుస్తుంది. కాకపోతే దానికి క్షారం పడదు. పశువుల కొట్టంలో పేడ, మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, పచ్చి సిమెంటు దీన్ని తినేస్తాయి. గోడకీ రేకుకీ మధ్య సందుని సిమెంటు మాలుతో పూడ్చేయడం మన దగ్గర మామూలు అలవాటు, రేకు అంచు కుళ్లిపోవడం తరచుగా మొదలయ్యేది అక్కడే. ఇంకో చిన్న సంగతి, చాలామంది గమనించనిది: పైన పెట్టిన ఏసీ నుంచి కారే నీళ్ల గొట్టాన్ని రేకు మీదికి వదిలేస్తారు. ఆ నీళ్లు రాగి గొట్టాల మీదుగా వస్తాయి. రాగి తగిలిన నీళ్లు జింకు, అల్యూమినియం పూతల్ని తొందరగా తినేస్తాయి కాబట్టి ఆ ధార పడిన మేరకు రేకు ముందుగా పాడవుతుంది.

పూత ఎంత ఉందో చెప్పేవే జెడ్ 120, జెడ్ 275, ఏజెడ్ 150 లాంటి అంకెలు. చదరపు మీటరు రేకుకి రెండు వైపులా కలిపి ఎన్ని గ్రాముల పూత ఉందో ఆ అంకె చెప్తుంది. జెడ్ 120 అంటే రెండు వైపులా కలిపి 120 గ్రాముల జింకు, అంటే ఒక్కో వైపు సుమారు 8 మైక్రాన్లు (మైక్రాన్ అంటే ఎంఎంలో వెయ్యో వంతు). జెడ్ 275 అయితే ఒక్కో వైపు 19 మైక్రాన్ల దాకా ఉంటుంది. ఏజెడ్ 150లో 20 మైక్రాన్లు, ఎందుకంటే అల్యూమినియం తేలిక, అదే బరువుకి ఎక్కువ మందం వస్తుంది. ఒక కొటేషన్‌లో జెడ్ 120, ఇంకోదానిలో ఏజెడ్ 150 ఉంటే, రెండూ "50 రంగు రేకు" అయినా అవి వేర్వేరు సరుకులు.

రంగులోనూ రకాలున్నాయి. మామూలు పాలిస్టర్ చవక, ఎండకి ముందుగా వెలిసేది అదే. సిలికాన్ కలిపిన పాలిస్టర్, సూపర్ డ్యూరబుల్ పాలిస్టర్ దానికి పైమెట్టు, పీవీడీఎఫ్ అన్నిటికంటే ఎక్కువ కాలం రంగు నిలుపుకుంటుంది, ధర కూడా ఆ మేరకే. ఇళ్లకి ఎక్కువగా వచ్చేది మొదటి రకం. రంగు వెలిసిందంటే రేకు పోయినట్టు కాదు, కింద పూత బాగుంటే ఇంకా చాలా ఏళ్లు పనిచేస్తుంది.

"50 రేకు" అంటే 50 ఉక్కు కాదు

షాపులో 50 అంటే 0.50 ఎంఎం. ఏ మందం 0.50 అన్నది అసలు ప్రశ్న. ఉక్కు, పూత, రంగు అన్నీ కలిపితే వచ్చేది టీసీటీ, ఒట్టి ఉక్కు మందం బీఎంటీ. ఏజెడ్ 150 రంగు రేకు టీసీటీ 0.50 అనుకుందాం. అందులో పూత రెండు వైపులా కలిపి 0.04, రంగు రెండు వైపులా కలిపి దగ్గర దగ్గర 0.035. తీసేస్తే ఉక్కు మిగిలేది 0.425 చిల్లర. ఇందులో మోసమేమీ లేదు, ఒక షాపువాళ్లు టీసీటీ చెప్పి ఇంకొకళ్లు బీఎంటీ చెప్తే పోలిక తప్పుతుంది, అంతే. అసలు చిక్కు ఎక్కడంటే 0.45 సరుకుని 50 అని అమ్మినప్పుడు. కంటితో ఆ తేడా పట్టడం ఎవరి తరమూ కాదు.

తూకంతో పట్టొచ్చు. ఈ రేకులు చాలావరకు 1,220 ఎంఎం, అంటే 4 అడుగుల వెడల్పున్న చుట్టల నుంచి వత్తుతారు. ఉక్కు సాంద్రత ఘన సెంటీమీటరుకి 7.85 గ్రాములు. పై లెక్క ప్రకారం 0.50 టీసీటీ ఉన్న ఏజెడ్ 150 రంగు రేకు 12 అడుగుల పొడవుది సుమారు 15.8 కిలోలు తూగాలి. 0.45 అయితే 14 కిలోలు, 0.40 అయితే 12.3 కిలోలు. అంటే మందంలో ప్రతి 0.05కి రేకుకి పావు తక్కువ రెండు కిలోల దాకా తేడా వస్తుంది. పది రేకులు కలిపి తూకం వేస్తే 17 కిలోల తేడా, మామూలు కాటా మీదైనా దాగదు. చుట్ట వెడల్పు వేరైతే లెక్క ఆ మేరకు మారుతుంది.

ఈ తూకం పూత సంగతి మాత్రం చెప్పదు. నిజానికి అదే 0.50 టీసీటీలో జెడ్ 120 రేకు పూత పలచన కాబట్టి లోపల ఉక్కు ఎక్కువ ఉండి 16 కిలోలు దాటుతుంది. బరువు ఎక్కువ, తుప్పుకి రక్షణ తక్కువ. "బరువైన రేకే మంచి రేకు" అన్న మాట అందుకే సగమే నిజం.

గేజ్ సంగతి కూడా ఇక్కడే. గేజ్ అంకె పెరిగితే మందం తగ్గుతుంది, పైగా ఒక్కో పట్టికలో ఒక్కో మందం ఉంటుంది. ఎంఎంలో మాట్లాడుకుంటే ఈ గొడవ ఉండదు. అలాగే ఉక్కు బలం, దీన్ని మెగాపాస్కల్‌లలో కొలుస్తారు: 240 మెగాపాస్కల్ ఉక్కు ఉంది, 550 ఉక్కు ఉంది. 550 ఉన్న 0.42 రేకు, 240 ఉన్న 0.50 రేకు కంటే గాలికి మెరుగ్గా నిలబడొచ్చు. మందం ఒక్కటే బలం కాదనడానికి ఇదే కారణం.

వెడల్పులోనూ తేడా వస్తుంది. ఒక రేకు మొత్తం వెడల్పు 1,070 ఎంఎం అనుకుంటే, పక్క రేకు మీద ఎక్కే భాగం పోను కప్పేది 1,000 ఎంఎం మాత్రమే. 600 చదరపు అడుగుల కప్పుకి కొనాల్సింది 642 చదరపు అడుగుల రేకు, చూరు బయటికి వచ్చే భాగం, పొడవులో అతుకులు అదనం. ఒకరు కప్పే వెడల్పు మీద రేటు చెప్పి, ఇంకొకరు మొత్తం వెడల్పు మీద చెప్తే రెండో రేటు ఉత్తినే చవకగా కనిపిస్తుంది.

ఇనుము కాకుండా ఉన్న దారులు

సిమెంటు రేకుల మాట వచ్చేసరికి గొంతులు పెరుగుతాయి. వాటిని వాడినవాళ్లు చెప్పేది వినాల్సిందే: వాన పడితే చప్పుడు తక్కువ, తుప్పు పట్టవు, చవక, ఇనుప రేకంత త్వరగా వేడెక్కవు. తెలుగు నేల మీద లక్షల ఇళ్లు దశాబ్దాలుగా వాటి కిందే ఉన్నాయి. రెండో వైపు, మామూలు సిమెంటు రేకుల్లో ఉండేది తెల్ల ఆస్బెస్టాస్ నార. ఆస్బెస్టాస్ అన్ని రకాలూ మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద ఉన్న క్యాన్సర్ పరిశోధన సంస్థ తేల్చింది. చాలా దేశాలు దీన్ని నిషేధించాయి, అమెరికా 2024 మార్చిలో తెల్ల రకాన్ని కూడా నిషేధించింది. మన దేశంలో తెల్ల ఆస్బెస్టాస్ దిగుమతి, దానితో రేకుల తయారీ చట్టబద్ధంగానే సాగుతున్నాయి. నార సిమెంటులో బిగిసి ఉంటుంది కాబట్టి వాడేవారికి ప్రమాదం లేదని పరిశ్రమ వాదన. బిగిసి ఉన్నంతకాలం నార గాలిలోకి తక్కువే వస్తుందన్నది నిజమే, అయితే రేకుని కట్టర్ మిషన్‌తో కోసినప్పుడు, డ్రిల్లు వేసినప్పుడు, విరిగినప్పుడు, పాతబడి పైపొర రాలుతున్నప్పుడు ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నా దృష్టిలో కొత్తగా ఇల్లు వేసుకునేవాళ్లు ఆ దారి పట్టాల్సిన అవసరం ఇప్పుడు లేదు, ఆస్బెస్టాస్ లేని సిమెంటు రేకులు కూడా దొరుకుతున్నాయి. పాతవి దించేటప్పుడు పగలగొట్టి కింద పడేయడమే అన్నిటికంటే చెడ్డ పద్ధతి. తడిపి, మొత్తం రేకు మొత్తంగా దించితే దుమ్ము బాగా తగ్గుతుంది.

అల్యూమినియం రేకుకి ఎర్ర తుప్పు అన్నదే లేదు, తేలిక, సముద్రపు గాలికి ఉక్కు కంటే బాగా ఆగుతుంది. కానీ మెత్తన, మనిషి నడిచినా కోతి దూకినా సొట్ట పడుతుంది, వేడికి ఉక్కు కంటే రెట్టింపు సాగుతుంది. 6 మీటర్ల రేకు పొద్దున 25 డిగ్రీల నుంచి మధ్యాహ్నం 65కి చేరితే ఉక్కు దాదాపు 3 ఎంఎం సాగుతుంది, అల్యూమినియం దాదాపు 6. రోజూ ఇలా సాగి ముడుచుకుంటుంటే స్క్రూ రంధ్రాలు మెల్లగా కోలగా అయిపోతాయి.

వేడి: మెరిసే రేకు ఎందుకు కాలుతుంది

మే నెల మధ్యాహ్నం చదరపు మీటరుకి దాదాపు వెయ్యి వాట్ల ఎండ పడుతుంది. 600 చదరపు అడుగుల కప్పు అంటే 55.7 చదరపు మీటర్లు, అంటే కప్పు మొత్తం మీద 55 కిలోవాట్ల పైచిలుకు. ముదురు రంగు రేకు అందులో పాతిక శాతం మాత్రమే తిప్పికొడితే 42 కిలోవాట్లు పీల్చుకుంటుంది. తెల్ల రేకు 70 శాతం తిప్పికొడితే 17 కిలోవాట్లే. పీల్చుకున్నదంతా గదిలోకి రాదు, చాలాభాగం గాలిలోకీ ఆకాశంలోకీ పోతుంది, అయినా మొదలే ఇంత తేడా ఉంటే కింద కూర్చున్నవాళ్లకి తెలుస్తుంది. తెలుపు మీద దుమ్ము పేరుకునే కొద్దీ ఈ లాభం తగ్గుతూ వస్తుంది, అది కూడా లెక్కలో ఉండాలి.

మరి రంగు లేని, అద్దంలా మెరిసే రేకు? అది ఎండని బాగానే తిప్పికొడుతుంది. అయినా ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. ఎందుకంటే ఉపరితలం చల్లబడాలంటే పీల్చుకున్న కొద్దిపాటి వేడిని కిరణాల రూపంలో తిరిగి వదలాలి. ఒట్టి లోహం ఆ పని చాలా తక్కువగా చేస్తుంది, రంగు వేసిన ఉపరితలం బాగా చేస్తుంది. అందుకే తెల్ల రంగు రేకు ముందు మెరిసే రేకు వెనకబడుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో తెచ్చిన కూల్ రూఫ్ పాలసీ వెనక ఉన్న సైన్సు ఇదే: ఎక్కువ తిప్పికొట్టాలి, ఎక్కువ వదలాలి. ఆ పాలసీ ప్రకారం 600 గజాలు, అంతకు మించిన స్థలంలో కట్టే నివాస భవనాలకి కూల్ రూఫ్ తప్పనిసరి, అంతకంటే చిన్న ఇళ్లకి ఇష్టపూర్వకం.

లోహం వేడిని వదలకపోవడాన్నే కింది వైపు లాభంగా వాడుకోవచ్చు. రేకు కింద వేసే మెరిసే బబుల్ షీట్ చేసే పని అదే, పైనుంచి వచ్చిన వేడిని కిందికి వదలదు. అయితే దానికి ఎదురుగా ఒక అంగుళమైనా ఖాళీ గాలి ఉండాలి. మెరిసే ముఖం దేనికైనా అతుక్కుని ఉంటే వేడి తాకిడి ద్వారానే దాటిపోతుంది, మెరుపు ఎందుకూ పనికిరాదు. బబుల్ షీట్ వేయించినా తేడా ఏమీ తెలియలేదని చెప్పే చాలా ఇళ్లలో ఇదే జరుగుతుంది: దాన్ని రేకుకి బిగుతుగా అతికించేసి, కింద వెంటనే ఫాల్ సీలింగ్ బోర్డు కొట్టేస్తారు.

గ్లాస్ ఊల్, అంటే గాజు పీచు దుప్పటి, పని పద్ధతి వేరు, దాని మందమే దాని బలం. తడిస్తే ఆ గుణం పోతుంది. రెండు రేకుల మధ్య నురగ నింపిన పఫ్ ప్యానెల్ వేడి ఆపడంలో వీటన్నిటికంటే ముందుంటుంది, అదే మందం గ్లాస్ ఊల్ కంటే దాదాపు ఒకటిన్నర రెట్లు మెరుగు. వాన చప్పుడు కూడా బాగా తగ్గుతుంది. కాకపోతే ఖర్చు ఎక్కువ, పైగా ఆ నురగ మండేదే. వంటగది మీద వేసేటప్పుడు ఈ విషయాన్ని పక్కన పెట్టకూడదు. పీఐఆర్ నురగ మంటకి కొంత మెరుగు, రాక్ ఊల్ నింపిన ప్యానెల్ మండదు. థర్మోకోల్ నింపినవీ చవకగా దొరుకుతాయి, పైకి చూస్తే అన్నీ ఒకలాగే ఉంటాయి కాబట్టి లోపల ఏముందో కోసిన అంచు దగ్గర చూడాల్సిందే.

రేకు పక్షాన ఒక మాట చెప్పాలి. శ్లాబు పగలంతా వేడి దాచుకుని రాత్రి పదకొండింటికి కూడా సెగ కక్కుతుంది. రేకు ఎంత త్వరగా కాలుతుందో అంత త్వరగా చల్లబడుతుంది. రాత్రి పడుకోవడానికే వాడే గదికి ఇది తీసిపారేసే విషయం కాదు. అదే గుణం ఆదిలాబాద్ లాంటి చోట చలికాలం తెల్లవారుజామున ఎదురు తిరుగుతుంది: లోపలి ఆవిరి చల్లటి రేకు కింద నీళ్లుగా మారి బొట్లు బొట్లుగా రాలుతుంది. వాన లేకుండానే రేకు కారుతోందంటే స్క్రూలు వెతికే ముందు దీన్ని అనుమానించాలి. కొప్పు దగ్గర గాలి బయటికి పోయే సందు ఉంటే ఇదీ తగ్గుతుంది, పగటి సెగా తగ్గుతుంది.

గాలి: నొక్కడం కాదు, పైకి పీకడం

కప్పు అంటే బరువు మోయాలని అనుకుంటాం. రేకు విషయంలో అసలు పరీక్ష పైకి లేవకుండా ఉండడం. కట్టడాల మీద గాలి బలం లెక్కకి మన దేశ ప్రమాణమైన ఐఎస్ 875 మూడో భాగంలో, ఏ ఊరికి ఎంత గాలి వేగాన్ని ఆధారంగా తీసుకోవాలో ఇచ్చారు: హైదరాబాద్‌కి సెకనుకి 44 మీటర్లు, విశాఖపట్నం, విజయవాడ, నెల్లూరుకి 50 మీటర్లు. 50 మీటర్లంటే గంటకి 180 కిలోమీటర్లు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ మీద పడ్డప్పుడు గాలి వేగం ఆ దరిదాపుల్లోనే ఉంది.

వేగాన్ని వేగంతో గుణించి, 0.6తో గుణిస్తే ఒత్తిడి వస్తుంది. 50కి అది చదరపు మీటరుకి 1,500 న్యూటన్లు, అంటే 153 కిలోల బలం. 44కి 118 కిలోలు. చదరపు మీటరు రేకు బరువు నాలుగున్నర కిలోలకి మించదు. ఇంటి చుట్టుపక్కల కట్టడాలు, ఎత్తు, కప్పు వాలు బట్టి అసలు అంకె మారుతుంది, ఇంజనీరు వేసే లెక్క ఇంతకంటే లోతుగా ఉంటుంది, కానీ స్థూలంగా చూసినా విశాఖలో 20 అడుగులకి 30 అడుగుల కప్పుని పైకి లాగే బలం ఎనిమిదిన్నర టన్నులు. రేకులు, పైపులు అన్నీ కలిపినా బరువు టన్ను కూడా ఉండదు. ఎనిమిది స్తంభాలుంటే ఒక్కోదాని మొదలు టన్ను బలంతో పైకి లేవకుండా పట్టుకోవాలి. పిట్టగోడ మీద పైపు నిలబెట్టి చుట్టూ కాస్త సిమెంటు మెత్తితే ఆ పట్టు రాదు. బేస్ ప్లేటు, శ్లాబులోకో బీములోకో దిగిన యాంకర్ బోల్టులు కావాలి.

ఇక స్క్రూల లెక్క. రేకు కింద అడ్డంగా వేసే పైపుల మధ్య దూరం 1.4 మీటర్లు, ప్రతి ఉబ్బుకీ (రేకు పొడుగునా పైకి లేచి ఉండే గట్టుకీ) స్క్రూ వేస్తే ఒక్కో స్క్రూ వంతుకి 0.3 చదరపు మీటర్లు వచ్చిందనుకుందాం, దాని మీద పడేది 46 కిలోలు. పని త్వరగా తెమలాలని ఉబ్బు వదిలి ఉబ్బుకి స్క్రూ వేస్తే 92. అంచుల్లో, మూలల్లో గాలి లాగుడు మధ్య భాగం కంటే బాగా ఎక్కువ. తుఫానులో, మే నెల ఈదురుగాలుల్లో రేకు ముందు లేచేది చూరు మూల దగ్గరే. అక్కడ ఒక్క రేకు లేచిందంటే గాలి లోపలికి దూరి మిగతావాటిని వరసగా ఊడదీస్తుంది. కంపెనీ, రంగు గురించి గంటసేపు బేరమాడి స్క్రూల సంఖ్య మేస్త్రీ ఇష్టానికి వదిలేయడం చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే మూలల్లో అదనపు స్క్రూలకి అయ్యేది మొత్తం ఖర్చులో చాలా చిన్న వాటా.

నీళ్లు, కారడం, తుప్పు

మామూలుగా పది అడుగులకి ఒక అడుగు వాటం ఇస్తే అది 6 డిగ్రీలకి కొంచెం తక్కువ. ఎత్తైన ఉబ్బులున్న ట్రపిజాయిడల్ రేకుకి అది సరిపోతుంది, చిన్న అలల రేకుకి ఇంకా ఎక్కువ వాటం కావాలి. వాటం తగ్గితే పొడవు అతుకు పెరగాలి, లేదంటే గాలివానకి నీళ్లు అతుకులోకి ఎదురెక్కుతాయి.

స్క్రూ ఉబ్బు మీద వేయాలా, పల్లంలో వేయాలా అన్నది రెండు పక్షాలున్న విషయం. మన దగ్గర కప్పుకి ఉబ్బు మీదే వేస్తారు, నీళ్లు అక్కడ నిలవవు. అమెరికాలో కొన్ని రకాల రేకులకి చదును భాగంలోనే వేస్తారు, స్క్రూ నేరుగా కింది పైపుని పట్టుకుని కదలకుండా ఉంటుందని. ఉబ్బు మీద వేసినప్పుడు స్క్రూ పొడుగు చాలాలి, మరీ బిగిస్తే ఉబ్బు నొక్కుకుపోయి రంధ్రం చుట్టూ గుంట పడి అక్కడే నీళ్లు ఆగుతాయి. రబ్బరు వాషరు కొద్దిగా నొక్కుకుని గుండ్రంగా ఉంటే సరైన బిగువు. అంచులు బయటికి పిగిలి పగుళ్లు కనిపిస్తే ఎక్కువైంది. రేకు ఇరవై ఏళ్లు ఉండొచ్చు కానీ నాసిరకం వాషరు అంతకాలం ఎండకి ఆగదు, కాబట్టి మధ్యలో ఒకసారి స్క్రూలు మార్చే ఖర్చు ఉంటుందనుకునే లెక్క వేసుకోవాలి.

కొత్త రేకు మీద నెల తిరక్కుండానే చిన్న చిన్న ఎర్ర చుక్కలు కనిపిస్తే రేకు నకిలీ అని కంగారు పడతారు. చాలాసార్లు అవి రేకువి కావు. కట్టర్ మిషన్‌తో రేకుని కోసినప్పుడు ఎగిరిన ఇనుప రజను రంగులో గుచ్చుకుని తుప్పు పట్టినవి. ఆ మిషన్ వేడికి కోసిన అంచు దగ్గర పూత కూడా కాలిపోతుంది. కత్తెరతోనో నిబ్లర్‌తోనో (నిప్పురవ్వలు లేకుండా రేకుని కొరుకుతూ కోసే పనిముట్టు) కోస్తే ఈ బెడద ఉండదు. పైన వెల్డింగ్ చేసినా ఇదే సమస్య, కాబట్టి ఫ్రేము వెల్డింగ్ మొత్తం అయ్యాకే రేకులు ఎక్కాలి. కట్టలు కట్టలుగా వానలో తడిసిన రేకుల మీద వచ్చే తెల్లటి పొడి మచ్చలు మరో రకం, రేకుల మధ్య ఇరుక్కున్న తడికి జింకు పాడవడం వల్ల వచ్చేవి.

సముద్రం పక్కన ఉప్పు గాలి ఈ మొత్తం లెక్కని మార్చేస్తుంది. వాన కడిగే పై భాగం కంటే, వాన తగలని చూరు కింది భాగంలో ఉప్పు పేరుకుని తుప్పు ముందు పడుతుంది. ఒడ్డుకి దగ్గరి ఇళ్లకి చాలా కంపెనీల వారంటీ వర్తించదు లేదా షరతులు మారిపోతాయి. భీమిలిలోనో మచిలీపట్నం దగ్గరో ఇల్లు కట్టుకునేవారికి ఎక్కువ పూత రేకో అల్యూమినియం రేకో ఖర్చుకి తగినది కావచ్చు, కరీంనగర్‌లో అదే ఖర్చు అనవసరం.

కరెంటు

లోహపు కప్పు పిడుగుని పిలుస్తుందన్నది అపోహ. పిడుగు పడేది ఎత్తుని, చుట్టుపక్కల ఏముందన్నదాన్ని బట్టి. నిజమైన ప్రమాదం ఇంటి లోపలి వైరింగ్. తోలు ఊడిన ఒక్క వైరు రేకుకో పైపుకో తగిలితే షెడ్డు మొత్తం కరెంటు పాకుతుంది, ఆ పైపుకి కట్టిన దండెం తీగ మీద తడి బట్ట ఆరేసినవాళ్లకి ప్రాణం మీదికి వస్తుంది. వానాకాలంలో ఇలాంటి చావులు మన వార్తల్లో మళ్లీ మళ్లీ చూస్తున్నాం. ఫ్రేముకి ఎర్తింగ్, మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చు), వైర్లు పైపులో నుంచి లాగడం, దండేనికి ఇనుప తీగ బదులు నైలాన్ తాడు: రేకుల ఇంట్లో ఇవి అదనపు హంగులు కావు.

రేకు మీద సోలార్ పెట్టాలనుకుంటే

2024లో పీఎం సూర్యఘర్ పథకం మొదలయ్యాక, 3 కిలోవాట్లకి 78 వేల రూపాయల సబ్సిడీ వస్తుంది కాబట్టి, చాలామంది షెడ్డునీ సోలార్‌నీ కలిపే ఆలోచిస్తున్నారు. 540 వాట్ల ప్యానెళ్లు ఆరు పెడితే సుమారు 16 చదరపు మీటర్లు, ఒక్కోటి పాతిక నుంచి ముప్పై కిలోలు. ఆ బరువుని మంచి ఫ్రేము తేలిగ్గానే మోస్తుంది. గాలి మాత్రం ప్యానెళ్లని కూడా పట్టుకుని లాగుతుంది, కాబట్టి వాటి బిగింపు రేకుకి కాదు, కింది పైపుకి దిగాలి. ముందే 0.35 రేకు, పలచటి పైపులతో వేసిన నీడ షెడ్డు మీద తర్వాత సోలార్ ఎక్కించడం దాదాపు కొత్త షెడ్డు వేసినంత పని అవుతుంది.

ఇంకోటి, ప్యానెళ్లకి సాధారణంగా 25 ఏళ్ల వారంటీ ఇస్తారు. వాటి కింద ఉండే రేకు, వాషర్లు అంతకాలం ముట్టుకోకుండా ఉండేలా ఉండాలి. అందుకే సోలార్ వచ్చే భాగం వరకైనా ఏజెడ్ 150 రేకు, మంచి రకం స్క్రూలు వేయించేవాళ్లు ఉన్నారు. అదనపు ఖర్చు ఆ 16 చదరపు మీటర్లకే కాబట్టి పెద్దగా తెలీదు, తర్వాత అక్కడ ఒక్క స్క్రూ దగ్గర కారినా ముందు ప్యానెల్ విప్పాల్సి వస్తుంది, ఆ మనిషికి, ఆ రోజు కూలికి అయ్యేది వాషరు ధర కంటే ఎన్నో రెట్లు.